టీ స్కోరు చూడాలా, పర్సంటైల్ చూడాలా?

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. రెండో తరగతి చదివే మా అబ్బాయి పాఠం వినడం లేదని టీచరమ్మ అంటే విశాఖపట్నం తీసుకెళ్లి చూపించాం. వాడి తీరు గురించి ప్రశ్నలున్న ఫారాలు నాకొకటి, టీచరమ్మకొకటి ఇచ్చారు. ఒక్కో ప్రశ్నకీ 0, 1, 2లో ఏదో ఒకటి గుర్తు పెట్టాలి.

టీచరమ్మ ఫారం రిపోర్టులో, ఏకాగ్రత ఇబ్బందుల వరసలో టీ స్కోరు 68, పర్సంటైల్ 96 అని ఉంది. మామయ్యగారు కళ్లజోడు సర్దుకుని, "తొంభై ఆరా! బాగానే వచ్చాయి కదమ్మా" అన్నారు.

"మార్కులు కావండీ. వీడి ఈడు మగపిల్లల్ని వందమందిని నిలబెడితే, తొంభై ఆరుగురి కంటే వీడికే ఈ ఇబ్బంది ఎక్కువట."

ఆయన మరి మాట్లాడలేదు. ఇంట్లోవాళ్లకి చెప్పడానికి పర్సంటైలే మేలు.

కానీ పిల్లాడు మెరుగయ్యాడా లేదా తేల్చుకోవాలంటే నేను టీ స్కోరే చూస్తాను. ఫారంలో వచ్చిన మొత్తాన్ని ఈడు పిల్లలతో పోల్చి మార్చిన అంకె అది; ఎంత ఎక్కువైతే ఇబ్బంది అంత ఎక్కువ. దాని సగటు 50. ప్రామాణిక విచలనం, అంటే స్కోర్లు సగటు నుంచి ఎంత అటూ ఇటూ చెదిరి ఉంటాయో చెప్పే కొలత, 10. మామూలు లెక్కలో అది 50 నుంచి 55కి పెరిగితే పర్సంటైల్ 50 నుంచి 69కి ఎగురుతుంది. అదే 80 నుంచి 70కి దిగినా పర్సంటైల్ 99 దగ్గర్నుంచి 98కి వస్తుందంతే. బాగా ఇబ్బందిపడే పిల్లలు కొంత తేరుకున్నా పర్సంటైల్లో ఆ తేడా అంతగా కనబడదు.

హద్దులు మాత్రం అన్ని వరసలకీ ఒకటి కావు. తల్లిదండ్రులు నింపే సీబీసీఎల్ అనే ఫారంలో ఒక్కో సమస్య వరసకి టీ స్కోరు 65 నుంచి 69 అయితే సరిహద్దు, 70 నుంచి తీవ్రం. మొత్తం సమస్యల వరసలో మాత్రం 64కే తీవ్రం కిందికి వస్తుంది. ఏ దేశపు పిల్లలతో పోల్చారో కూడా అడగండి.

ఇక నేను నింపిన ఫారంలో అదే వరసకి 57 వచ్చింది. రెంటినీ కలిపి సగటు తీయకూడదు. ఇంట్లో వాడు చింతపిక్కలు పేర్చుకుంటూ గంటసేపు కదలడు. ఒడియా పాఠం మొదలయితే కిటికీలోంచి బయటికి చూస్తాడట. నేను చూసిందీ నిజమే, ఆవిడ చూసిందీ నిజమే. తేడా వచ్చిన చోటే ఏదో ఉంది.

ఆరు నెలలయ్యాక అదే టీచరమ్మ చేత అదే ఫారం మళ్లీ నింపించమన్నారు. ఈలోగా ఆవిడ వాణ్ణి ముందు బెంచీకి మార్చి, చెప్పిన పాఠాన్ని ఒకసారి తెలుగులో అడుగుతోంది.