నాన్న అలక తీర్చిన గాలిమర

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ వెళ్లేవాళ్లకు ముందే చెబుతున్నా, స్టేషన్‌కు దగ్గర కదా అని లాడ్జింగ్ బుక్ చేసుకోకండి. రాత్రికి 89 పౌండ్లు పోసి మేం తీసుకున్న గదిలో హీటరే పనిచేయలేదు. నవంబరు చలి. 72 ఏళ్ల నాన్న స్వెటర్ మీద కోటు వేసుకుని ముడుచుకుని పడుకున్నారు. కిందికెళ్లి అడిగితే ఒక పల్చటి దుప్పటి చేతిలో పెట్టి పంపారు. పొద్దున డబ్బు సంగతి ఎత్తితే, బుక్ చేసిన సైటువాళ్లనే అడగమన్నారు. ఇంతవరకూ పైసా వెనక్కి రాలేదు. నాన్న టిఫిన్ ముట్టలేదు, మాతో మాట్లాడలేదు.

అలా అలిగి ఉన్న మనిషినే స్నెంటన్ గుట్ట మీది గ్రీన్స్ మిల్‌కి తీసుకెళ్లాం. విరాళాల డబ్బాలో 10 పౌండ్లు వేసి లోపలికి నడిచాం. 1807లో ఒక రొట్టెల వ్యాపారి కట్టించిన ఇటుకల గాలిమర ఇది. 1947లో తగలబడితే, 1980లలో మళ్లీ నిలబెట్టారు.

నాన్న తెనాలిలో ముప్ఫై ఏళ్లు పిండిమర నడిపారు. మెట్లెక్కుతూనే నోరు విప్పారు. "గాలి మళ్లితే ఏం చేస్తారమ్మా?" అని మొదటి ప్రశ్న. రెక్కల వెనకవైపు ఫ్యాంటెయిల్ అని ఒక చిన్న చక్రం ఉంది. గాలి పక్కనుంచి కొట్టగానే అది తిరిగి, పళ్లచక్రాలతో పైకప్పు మొత్తాన్ని, రెక్కలతో సహా, గాలికి ఎదురుగా తెస్తుంది. లోపల రెక్కల ఇరుసు నిలువు ఇరుసును తిప్పుతుంది, అది రాళ్లను తిప్పుతుంది. కింది రాయి కదలదు. పై రాయి నడిమి కంతలో పడ్డ గింజ నలుగుతూ అంచుకు పిండై వస్తుంది.

"మన తిరగలే!" అన్నారు నాన్న. రాయి మీది గాళ్ల వెంట వేలు పోనిచ్చి, "కక్కు బాగా కొట్టారు" అని మెచ్చుకున్నారు. మర నడిపే అతను నాన్న చేతిలో కాస్త పిండి పోస్తే, ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశారు. అతనూ అలాగే నలిపి చూపించాడు. ఒకరి భాష ఒకరికి రాదు, ఇద్దరూ పది నిమిషాలు అక్కడే నిలబడ్డారు.

కట్టించినాయన కొడుకే జార్జ్ గ్రీన్. బడి చదువు ఏడాది పైచిలుకు, అంతే. ఈ మరలో పనిచేస్తూనే 1828లో విద్యుత్తు, అయస్కాంతత్వాల మీద గణిత వ్యాసం అచ్చువేశాడు. నలభయ్యో ఏట కేంబ్రిడ్జిలో విద్యార్థిగా చేరాడు. బీటెక్‌లో మనం బట్టీపట్టిన గ్రీన్స్ థీరమ్ అనే గణిత సిద్ధాంతం ఈయనదే. అది విని మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

గాలి ఉన్న రోజు చూసుకుని వెళ్లండి. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. నాన్న మాత్రం రెండుసార్లు ఎక్కారు.