బ్రాడీపేటలో ఒక ప్లీడరు గారి ఆఫీసు: వారసత్వ పనుల్లో మాకు అందిన సేవ

నాన్నగారు వీలునామా రాయకుండానే కాలం చేశారు. గుంటూరులో ఆయన స్వార్జితంతో కట్టిన ఇల్లు, రెండు బ్యాంకుల్లోని ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఒక ఎల్ఐసీ పాలసీ ఆయన పేరున మిగిలాయి. వీటిని మా పేర్లకు మార్చుకోవడానికి బ్రాడీపేటలోని ఒక ప్లీడరు గారి ఆఫీసు చుట్టూ పదకొండు నెలలు తిరిగాము. న్యాయవాదులు తమ వృత్తిని ప్రచారం చేసుకోకూడదన్న బార్ కౌన్సిల్ నియమం ఉంది కనుక, నా రాత వారికి ప్రకటన కాకూడదని పేరు రాయడం లేదు. పైగా వారి మీద నాకు రెండు ఫిర్యాదులు ఉన్నాయి, పేరు రాయకపోవడానికి అదీ ఒక కారణమే.

వీరి దగ్గరకు వెళ్లడానికి ముందు, బంధువులు చెప్పగా మరొక న్యాయవాదిని కలిశాము. ఇంటికీ డిపాజిట్లకూ కలిపి కోర్టులో సక్సెషన్ సర్టిఫికెట్ (చనిపోయినవారి సొమ్ము వారసులు పుచ్చుకోవడానికి కోర్టు ఇచ్చే పత్రం) తెస్తానని, ఫీజుగా వచ్చే ఆస్తి విలువలో నూటికి ఐదు వంతులు ఇవ్వాలని ఆయన అన్నారు. ఆ మాటలో రెండు తప్పులున్నాయని తరువాత తెలిసింది. సక్సెషన్ సర్టిఫికెట్ రావలసిన బాకీలకు, డిపాజిట్లు, షేర్ల వంటి వాటికి మాత్రమే పనికివస్తుంది, ఇంటికి గానీ పొలానికి గానీ దాన్ని ఇవ్వరు. ఇక గెలిచిన సొమ్ములో వాటా తీసుకునే పద్ధతిని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళే నిషేధించింది.

బ్రాడీపేట ప్లీడరు గారు మా కాగితాల సంచీ విప్పకముందే అడిగిన మొదటి ప్రశ్న, “మీ నాన్నగారి తల్లిగారు ఉన్నారా?” అని. ఉన్నారని, ఆరేళ్లుగా మా ఇంట్లోనే ఉంటున్నారని చెప్పాను. “అయితే వాటాలు మూడు కాదమ్మా, నాలుగు” అని ఆయన ఒక చిత్తు కాగితం మీద నిలువుగా నాలుగు గీతలు గీశారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా మరణించిన హిందూ పురుషుడి స్వార్జితం అతని తల్లికి, భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా చెందుతుంది. మా ఇంట్లో అమ్మ, నేను, తమ్ముడు మాత్రమే వారసులమని మేమంతా అనుకున్నాము. నాయనమ్మ మాట మాలో ఎవరికీ తట్టలేదు, ఆ రోజు ఉదయం ఆమెకు మాత్రలు ఇచ్చి బయలుదేరిన నాకు కూడా. ఆడపిల్లలకు ఆస్తి హక్కు ఎన్టీ రామారావు గారి ప్రభుత్వంతోనో 2005 సవరణతోనో వచ్చిందని మా బంధువుల్లో చాలామంది అంటుంటారు. ఆ మార్పులు పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తికి సంబంధించినవి. వీలునామా లేని తండ్రి స్వార్జితంలో కూతురి సమాన వాటా 1956 నుంచీ ఉన్నదే.

ఆ ఒక్క ప్రశ్న వల్ల మేము అప్పటికే తెచ్చుకున్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పనికిరాకుండా పోయింది. వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టినప్పుడు మా రేషన్ కార్డులోని పేర్లే ఇచ్చాము. నాయనమ్మ కార్డు ఇప్పటికీ బాబాయి వాళ్ల ఊళ్లో ఉండడంతో తహసీల్దారు పత్రంలో ఆమె పేరు రాలేదు. సవరించిన పత్రం రావడానికి ఐదు వారాలు పట్టింది. అప్పుడు విసుక్కున్నాను గానీ, ఆ పేరు లేకుండా పని నడిపి ఉంటే, నాయనమ్మ తదనంతరం ఆమె వాటాకు వారసులయ్యే బాబాయి, అత్తయ్యలు ఎప్పుడైనా దస్తావేజును ప్రశ్నించగలిగేవారు.

నాయనమ్మ తన వాటా వదులుకుంటారని మేమే తేల్చేసి, హక్కు విడుదల దస్తావేజు రాయమని ప్లీడరు గారిని అడిగాము. ఆయన ఒప్పుకోలేదు. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, మమ్మల్నందరినీ వరండాలో కూర్చోబెట్టి, ఆమెతో గదిలో ఒంటరిగా అరగంట మాట్లాడారు. తరువాత మమ్మల్ని లోపలికి పిలిచి, తనకు చెప్పిన మాటే మా ముందు మళ్లీ చెప్పమన్నారు. “ఇల్లు మా కోడలికి ఇచ్చేస్తాను బాబూ, నన్ను పొయ్యేదాకా అందులో ఉండనిస్తే చాలు. బ్యాంకులో డబ్బు మాత్రం నా వంతు నాకు ఇవ్వండి. మందుల కోసం ఎవరి ముందూ చెయ్యి చాపను” అంది నాయనమ్మ. ఆ మాట ప్రకారమే ఇంటిలో తన నాలుగో వంతు అమ్మకు విడుదల చేస్తూ, జీవితాంతం ఆ ఇంట్లో నివసించే హక్కు నిలుపుకుంటూ దస్తావేజు తయారైంది. అందులో మా అందరి సంతకాలూ పెట్టించారు. ఈ అరగంటకు ఆయన విడిగా ఫీజు తీసుకోలేదు. నేను ఈ ఆఫీసును మెచ్చుకోవడానికి మిగతా కారణాలన్నీ దీని తరువాతే.

తుంటి ఎముక విరిగి మంచం దిగలేని నాయనమ్మను రిజిస్ట్రారు ఆఫీసుకు ఎలా తీసుకువెళ్లాలా అని మేము అంబులెన్సు మాట్లాడుతుండగా, అటువంటి వారి కోసం రిజిస్ట్రేషన్ చట్టంలోని 31వ సెక్షన్ కింద సబ్ రిజిస్ట్రారే ఇంటికి వచ్చే ఏర్పాటు ఉందని ప్లీడరు గారు చెప్పి, డాక్టరు సర్టిఫికెట్‌తో దరఖాస్తు పెట్టించారు. దానికి అదనపు రుసుము ఉంటుంది. వచ్చిన రోజున వేలిముద్ర దగ్గరే ఆలస్యమైంది. డెబ్బై ఏళ్లు మిరప కోతలు కోసి, పిడకలు చరిచిన ఆ బొటనవేలి గీతలు అరిగిపోయి, యంత్రం మీద ఎన్నిసార్లు పెట్టినా ముద్ర పడలేదు. గుమాస్తా తడిగుడ్డతో వేలు తుడిచి, కాస్త కొబ్బరినూనె రాసి, పొడిగుడ్డతో అద్ది మళ్లీ పెట్టించాక ఐదోసారికి పడింది.

డిపాజిట్ల సంగతి ఇంత సాఫీగా సాగలేదు. ఒక బ్యాంకులో నామినీగా బాబాయి పేరుంది, నాన్నగారి పెళ్లికి ముందు తెరిచిన ఖాతా కనుక. నామినీకి డబ్బు ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరుతుంది గానీ, ఆ డబ్బుకు నామినీ యజమాని కాడని, వారసుల తరఫున పుచ్చుకున్నవాడు మాత్రమేనని సుప్రీంకోర్టు చాలాకాలం క్రితమే చెప్పింది. లీగల్ నోటీసు ఇద్దామని తమ్ముడు అమెరికా నుంచి పట్టుబట్టినా, “నోటీసు ఇస్తే డబ్బు వస్తుంది, బాబాయి పోతాడు. ముందు ఫోను చేయండి” అని ప్లీడరు గారు ఆపారు. బాబాయి మరుసటి వారమే వచ్చి డబ్బు తీసుకొని నాలుగు చెక్కులు రాశారు. ఎల్ఐసీ పాలసీకి అమ్మ నామినీ కావడంతో అది త్వరగా తేలిపోయింది.

రెండో బ్యాంకులో నామినీయే లేరు, మొత్తం పెద్దది, వారు సక్సెషన్ సర్టిఫికెట్ తప్పదన్నారు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 372వ సెక్షన్ కింద పిటిషన్ వేసి, దినపత్రికలో ప్రకటన ఇచ్చి, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అమ్మ సాక్ష్యం నమోదు చేయించి, కోర్టు ఫీజు కట్టి పత్రం అందుకునేసరికి ఏడు నెలలైంది. ఇందులో నాలుగు వాయిదాలు ఊరికే పోయాయి, అది ఆఫీసు తప్పు కాదు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఈ సమీక్ష చదివేవారు ఇంట్లోని పాస్‌బుక్కులు ఒకసారి తీసి నామినీ వరుస చూసుకుంటే మంచిది.

ఇక ఫిర్యాదులు. తమ్ముడు రాలేడు కనుక నాకు పవర్ ఆఫ్ అటార్నీ రాసి, భారత కాన్సులేట్ ధ్రువీకరణతో కొరియర్‌లో పంపాడు. విదేశంలో రాసిన అటువంటి పత్రం మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టించాలి. జిల్లా రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లవలసిన ఆ కవరు ప్లీడరు గారి గుమాస్తా బీరువాలో వేరే కట్ట కింద పడి ఉంది. గడువుకు పది రోజులే ఉందనగా నేనే లెక్క వేసుకొని అడిగితే బయటపడింది. పత్రం ఏ తేదీన చేరిందో చూపడానికి కొరియర్ కవరు కూడా కావాలన్న మాట మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. అదృష్టవశాత్తు అమ్మ దాన్ని పారేయకుండా కరెంటు బిల్లులు పెట్టుకోవడానికి వాడుతోంది. రెండోది, ఫీజులకు రసీదులు సక్రమంగా ఇచ్చినా, “చిల్లర ఖర్చులు” అన్న పేరుతో తీసుకున్న రూ. 6,400కు వివరం అడిగితే గుమాస్తా నవ్వి ఊరుకున్నాడు. సక్సెషన్ సర్టిఫికెట్‌కు రూ. 35,000, దస్తావేజుల రాతకు రూ. 12,000 ఫీజు తీసుకున్న ఆఫీసు ఆ లెక్క కూడా కాగితం మీద పెట్టి ఉండవలసింది.

పని ముగిశాక అమ్మ తన వీలునామా గురించి అడిగింది. దానికి స్టాంపు పేపరు అక్కరలేదని, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మేలని, ఇద్దరు సాక్షులు ఆమె సంతకం చూసి తామూ సంతకం చేయాలని చెప్పి, “సాక్షులుగా మీ ఈడు వాళ్లను పెట్టకండమ్మా. రేపు కోర్టులో వీలునామా రుజువు కావాలంటే వాళ్లలో ఒకరైనా బోనెక్కాలి, మీకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లను చూసుకోండి” అన్నారు. అమ్మ ఎదురింటి టీచరమ్మను, మందుల షాపు అబ్బాయిని అనుకుంటోంది.

ఉదయం పూట వెళితే ఆయన కోర్టులో ఉంటారు, సాయంత్రం ఆరున్నర తరువాత వెళ్లాలి. ఇంటి అసలు దస్తావేజు అడిగినప్పుడు ఇవ్వండి గానీ, చేతిరాత రసీదు తీసుకోకుండా మాత్రం ఇవ్వకండి. గడువులున్న కాగితాల తేదీలు మీ క్యాలెండరు మీదే రాసుకోండి.