పోగతోటలో మామోగ్రామ్: పని బాగా చేశారు, ఒక్క లైను మాత్రం చెప్పలా

నాకు 61 ఏళ్ళు. కోవూరులో జాకెట్లు కుట్టే కొట్టు నాది, 34 ఏళ్ళుగా. ఊళ్ళో ఆడవాళ్ళందరి ఛాతీ కొలతలూ నా పుస్తకంలో ఉంటాయిగానీ, నాకు నేను ఒక పరీక్ష చేయించుకోవాలని ఏనాడూ అనుకోలా. మా తోటికోడలికి రొమ్ములో గడ్డ బయటపడ్డాక మా అమ్మాయి పట్టుబట్టి మామోగ్రామ్‌కి, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రేకి, నన్ను నెల్లూరు పోగతోటలో ఒక స్కానింగ్ సెంటరుకు తోలింది. పేరు రాయను. తిట్టడానికి రాయడంలా, ఉన్నది చెప్దామని.

9కి రమ్మన్నారు, పిలిచింది పదకొండున్నరకి. కుర్చీలు ఎనిమిది, జనం ఇరవై మందికి తక్కువ లేరు. పౌడరు, సెంటు పూసుకోవద్దని ఫోన్లో ఎవరూ చెప్పలా. లోపలికి పోయాక తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమన్నారు. ఆ రేణువులు ఫిల్ములో సున్నం చుక్కల్లా కనపడతాయంట.

మిషను దగ్గరుండే అమ్మాయికి మాత్రం పూర్తి మార్కులు. తలుపు గడియ పెట్టి, "పెద్దమ్మా, కాసేపు ఓర్చుకోండి" అని ముందే చెప్పింది. రెండు పలకల మధ్య పెట్టి నొక్కుతారు, ఒక్కో వైపు రెండేసి సార్లు, మొత్తం 4. కుట్టుమిషను సూది వేల్లో దిగిన నొప్పి ఎరిగినదాన్ని, ఇది అందులో పావు కూడా లేదు.

1,800 తీసుకున్నారు. సాయంత్రానికి రిపోర్టు, దాంతో ఒక సీడీ. సీడీ వేసుకునే మిషను నా దగ్గరేది? కౌంటర్లో అబ్బాయి కాగితం చూసి "కేటగిరీ 2 అమ్మా, క్యాన్సరు లేదు, నిశ్చింతగా పోండి" అన్నాడు. నిశ్చింతగానే వచ్చేశా.

ఆ తర్వాత వారం, నాకు షుగరు చూసే డాక్టరమ్మ దగ్గరికి పోతే ఆ కాగితం సంచిలోనే ఉంది, చూపించా. అడుగున ఒక లైను దగ్గర ఆమె ఆగింది: రెండు వైపులా రక్తనాళాల్లో కాల్సిఫికేషన్, అంటే సున్నం పేరుకోవడం. సీడీ తన కంప్యూటర్లో వేసి నన్ను దగ్గరికి పిలిచింది. తెల్లగా, వంకర్లు తిరుగుతా, పక్కపక్కనే రెండు సన్న గీతలు. నాకైతే అంచుకు వేసిన జంట కుట్టు లాగే ఉండింది. నాళం గోడ నడిమి పొరలో సున్నం పేరుకుంటే రెండు పక్కలా ఇట్టా గీతలు తేలతాయంట. వయసు, షుగరు, కిడ్నీ జబ్బు ఉంటే ఇది జాస్తి.

దీనికీ క్యాన్సరుకూ సంబంధం లేదు, అందుకే కేటగిరీ 2. అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే గుండెకు సంబంధం ఉంది. కాలిఫోర్నియాలో 60 నుంచి 79 ఏళ్ళ ఆడవాళ్ళు 5,059 మందిని ఆరేళ్ళ పైన గమనించి 2022లో అచ్చు వేశారంట. దాదాపు నాలుగో వంతు మందికి ఈ గీతలున్నాయి, వాళ్ళకు గుండెపోటు, పక్షవాతం లాంటివి 51 శాతం ఎక్కువ. నా మొహం చూసి డాక్టరమ్మ నవ్వింది. "వందలో 51 మందికి వస్తుందని కాదమ్మా, గీతలు లేనివాళ్ళతో పోలిస్తే ఒకటిన్నర రెట్లు" అని విడమరిచింది. గీతలు లేవని గుండెకు ఢోకా లేదనుకోడానికీ లేదంట.

అప్పటికప్పుడు బీపీ చూస్తే 152/94. షుగరు గొడవలో పడి బీపీ పట్టించుకుని రెండేళ్ళయింది. కొలెస్ట్రాలు, కిడ్నీలకు చూసే క్రియాటినిన్, ఈసీజీ చేయించి, బీపీ బిళ్ళా, కొలెస్ట్రాలు బిళ్ళా మొదలుపెట్టింది. మా అమ్మ వీపు నొప్పి, ఆయాసం అంటే గ్యాసని సోడా తాగించిన ఇల్లు మాది. గుండె అనుకోలా, తెల్లారేసరికి అమ్మ లేదు.

మళ్ళీ ఆ సెంటరుకు పోయి అడిగా, ఈ లైను సంగతి ఒక్క ముక్క చెప్పకూడదా అని. "అది మీ డాక్టరు చెప్పాలమ్మా" అన్నారు. సరే, ఫిల్ము చదివినాయన రాశాడు, అదే మేలు. చాలా చోట్ల ఆ లైను రాయను కూడా రాయరంట. అయిదుకు మూడున్నర ఇస్తున్నా. ఆ అర, మిషను అమ్మాయిది.

పోయేవాళ్ళు వెనక హుక్కుల జాకెట్టు వేసుకుపోబాకండి. ఆ గదిలో బట్టలు తగిలించను ఒక కొక్కెం కూడా లేదు.