సెకండ్ పొజిషన్ దాకా భేష్, థర్డ్ పొజిషన్‌కి మాత్రం తాళం: ఒక బ్లూస్ హార్మోనికా కోర్సుతో నా అనుభవం

పది హోల్స్ మౌత్ ఆర్గాన్ (దీన్నే హార్మోనికా, హార్ప్ అంటారు) మీద బ్లూస్ అనే అమెరికా నల్లజాతివాళ్ళ సంగీతం నేర్చుకుంటున్నాను. ఒక్కో హార్ప్ ఒక్కో కీకి, అంటే ఒక్కో ఆధార స్వరానికి, చేసి ఉంటుంది; అదే హార్ప్‌ని వేరే స్వరం ఆధారంగా వాయించే పద్ధతుల్నే సెకండ్ పొజిషన్, థర్డ్ పొజిషన్ అంటారు. నా గోల ఒక్కటే. డబ్బు కట్టి తీసుకున్న ఆన్‌లైన్ కోర్సు సెకండ్ పొజిషన్‌ని చక్కగా నేర్పించి, థర్డ్ పొజిషన్‌ని 'అడ్వాన్స్‌డ్' అని బోర్డు పెట్టి లోపల దాచేసింది. అది తెరవాలంటే మళ్ళీ విడిగా డబ్బు. కోర్సు పేరు రాయను, ఎందుకంటే నేను తర్వాత చూసినవాటిలో చాలా వరకూ ఇదే వరస.

కొన్న కొత్తలో దీన్ని నలుగురికీ సిఫార్సు చేశాను. బెండింగ్ (స్వరాన్ని కిందికి దించడం) పాఠాలు నిజంగా బాగుంటాయి. మూడో హోల్‌లో గాలి పీలుస్తూ స్వరాన్ని మూడు మెట్లు (ఒక్కో మెట్టు అరస్వరం) కిందికి దించాలి కదా, ఒక్కో మెట్టు దగ్గర నాలుక ఎక్కడుండాలో కోర్సు చెప్పే ఆయన బొమ్మ గీసి మరీ చూపిస్తాడు. ఆ మాట ఇప్పుడూ వెనక్కి తీసుకోను. కానీ పాఠాలన్నీ ట్యాబ్ నంబర్లే. రెండు పీల్చు, మూడు ఊదు, నాలుగు పీల్చు. నంబర్లు చూస్తే వాయించేస్తాం, పేజీ తీసేస్తే ఏ స్వరం మీద ఉన్నామో తెలీదు. ఆ సంగతి ఒంటరిగా సాధన చేసినంతకాలం బయటపడదు, ఎందుకంటే కోర్సులోని బ్యాకింగ్ ట్రాక్‌లు (తోడుగా పెట్టుకునే వాద్యాల రికార్డింగ్‌లు) అన్నీ ఆ ట్యాబ్‌లకి సరిపోయేలా చేసినవే.

రాయగడలో మా కాలనీ క్లబ్బుకి ఒక ఒడియా కుర్రాడు అప్పుడప్పుడూ గిటార్ పట్టుకొస్తాడు. ఒకరోజు "అన్నా, డీ మైనర్‌లో స్లో బ్లూస్ వాయిస్తాను, మీరు అందుకోండి" అన్నాడు. డీ ఆధార స్వరం; మైనర్ అంటే గాంధారం మేజర్‌లో కంటే ఒక మెట్టు కిందుగా ఉండే పాట. కోర్సు ఇచ్చిన సూత్రం నాకు కంఠతా వచ్చు: పాట డీలో ఉంటే జీ హార్ప్ తీసుకో, సెకండ్ పొజిషన్‌లో వాయించు, బ్లూస్ మొత్తానికి ఇదే దారి. సరే అని జీ తీశాను. రెండో హోల్ పీల్చినప్పుడు బాగానే ఉంది, నాలుగో హోల్ కూడా కుదిరింది. మూడో హోల్ దగ్గరికి వచ్చేసరికి గోకుడు పెట్టినట్టు ఒక చప్పుడు. కుర్రాడు వాయించడం ఆపలేదు, మొహం మాత్రం చిట్లించాడు. మళ్ళీ అదే చోట అదే చప్పుడు. ఆ హోల్ ఇచ్చేది ఎఫ్ షార్ప్ (ఎఫ్ కంటే ఒక మెట్టు పైన), అతని మైనర్ కార్డ్‌లో (కలిపి మోగించే స్వరాల్లో) ఉన్నది మామూలు ఎఫ్. ఒక్క మెట్టు దించి బెండ్ చేస్తే కలుస్తుంది, కానీ పాట నడుస్తుండగా ప్రతిసారీ కచ్చితంగా అంతే దించడం ఎంతమంది వల్ల అవుతుంది? మేజర్ బ్లూస్‌లో అదే హోల్ రుచి, మైనర్‌లో అదే ముల్లు. ఈ ఒక్క వాక్యం ఆ కోర్సులో నేను డబ్బు కట్టిన భాగంలో ఎక్కడా లేదు.

ఇంకా మంట ఏంటంటే, ఆ పాటకి కావలసిన హార్ప్ నా జేబులోనే ఉంది. మామూలు సీ హార్ప్. దాని మీద నాలుగు, ఐదు, ఆరు హోల్స్ కలిపి పీలిస్తే వచ్చేదే డీ మైనర్ కార్డ్! థర్డ్ పొజిషన్ అంటే అంతే. నాలుగు నుంచి ఎనిమిది దాకా ఆ స్థాయి మొత్తానికి ఒక్క బెండ్ కూడా అక్కర్లేదు. ఏడో హోల్ దగ్గర ఒక్క మెలిక ఉంది, అక్కడి నుంచి ఊదే స్వరం పీల్చే స్వరం కంటే పైన ఉంటుంది కాబట్టి ముందు పీల్చి తర్వాత ఊదాలి, నాకు అలవాటు కావడానికి కాస్త టైమ్ పట్టింది. బ్లూస్ హార్మోనికా దిగ్గజం లిటిల్ వాల్టర్ 1968లోనే పోయాడు, ఆయన రికార్డుల్లోనే థర్డ్ పొజిషన్ ఉంది. అలాంటిదాన్ని ఇప్పుడు కొత్తగా కనిపెట్టిన విద్యలా అమ్మితే ఒళ్ళు మండదా?

తాళం తీసింది మాత్రం పక్క వీధిలో వయొలిన్ నేర్పే మాస్టారు. ఆయనకి బ్లూస్ అంటే ఏంటో తెలీదు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. నా పొజిషన్ల చార్ట్ చూసి, "పొజిషనూ లేదు గిజిషనూ లేదు బాబూ, ఇది గ్రహభేదం. షడ్జాన్ని జరిపావు, రాగం మారింది" అన్నారు. అంటే అవే స్వరాల్లో వేరేదాన్ని 'స' అనుకుంటే ఇంకో రాగం వినిపించడం. ఫోన్‌లో తంబురా యాప్ తెరిచి రెండు శ్రుతిలో పెట్టారు, అంటే డీ. "ఇప్పుడు నీ సీ పెట్టె వాయించు" అన్నారు. నాలుగో హోల్ పీల్చి ఒక్కో స్వరం మీద ఆగుతూ పైకి వెళితే ఖరహరప్రియ రాగం స్వరాలు వినిపించాయి. అదే పెట్టె, అవే హోల్స్. తంబురాని ఐదు శ్రుతికి (జీ) మార్చి ఆరో హోల్ ఊది మొదలుపెడితే హరికాంభోజి, అదే సెకండ్ పొజిషన్. ఆరో హోల్ పీల్చి ధైవతాన్ని షడ్జం చేసుకుంటే నఠభైరవి, ఫోర్త్. గాంధారం మీద తోడి, ఫిఫ్త్. మధ్యమం మీద కల్యాణి, దాన్ని హార్మోనికా వాళ్ళు పన్నెండో పొజిషన్ అంటారు. స, ప, రి, ధ, గ అని ఒక్కో స్వరం నుంచి దాని పంచమానికి ఎక్కుతూ పోవడమే ఆ అంకెల రహస్యం. చిన్నప్పుడు సరళీస్వరాలు పాడినవాడికి ఇది పది నిమిషాల పని, చార్ట్ చూస్తూ బట్టీపడితే నెలలు.

అలాగని మేళకర్తలు (ఇలాంటి మూల రాగాలు) తెలిస్తే బ్లూస్ వచ్చేసినట్టు కాదు. సెకండ్ పొజిషన్‌లో ఆ మూడో హోల్‌ని కొద్దిగా మాత్రమే బెండ్ చేసి, సాధారణ గాంధారానికీ (కింది గ) అంతర గాంధారానికీ (పై గ) మధ్య ఎక్కడో వదిలేస్తారే, ఆ చోటు తంబురా చెప్పదు. దానికి పాత రికార్డులు వినాలి, కోర్సులో ఆయన వాయించి చూపించినవీ వినాలి. కోర్సుని సమర్థించే మాట ఇంకొకటి కూడా ఉంది. థర్డ్ పొజిషన్‌లో కింది స్థాయికి దిగితే రెండో హోల్‌ని రెండు మెట్లు దించితే గానీ గాంధారం రాదు, అది నిజంగా కష్టం, నాకు ఇప్పటికీ శ్రుతిలో నిలవదు. ఆ సగాన్ని అడ్వాన్స్‌డ్ అనండి, ఒప్పుకుంటాను. పై సగాన్ని మొదటి వారంలోనే చూపించొచ్చు కదా.

ఉచిత వీడియోల్లో మంచివి ఉన్నాయి గానీ వరస ఉండదు, ఒకాయన ఓవర్‌బ్లోతో (హోల్‌లో మామూలుగా లేని పై స్వరాన్ని ఊది రప్పించడం) మొదలెడతాడు, ఇంకొకాయన హోల్ పట్టుకోవడం దగ్గరే ఆగిపోతాడు. ఒకే హార్ప్ మీద పన్నెండు కీలూ వాయించే హోవర్డ్ లెవీని చూసి నేనూ కొన్నాళ్ళు ఓవర్‌బ్లోల వెంట పడ్డాను, మాలాంటి షిఫ్ట్ డ్యూటీ వాళ్ళకి అది ఇప్పట్లో అయ్యే పని కాదు.

మొత్తమ్మీద కోర్సు వద్దని చెప్పలేను. బెండింగ్ అసలు రానివాళ్ళు, సంగీతం ముట్టుకోనివాళ్ళు నెలవారీ ప్లాన్ ఉంటే ఒకటి రెండు నెలలు కట్టి ఆ పాఠాలు పూర్తిచేయండి. ఏడాది ప్లాన్ జోలికి మాత్రం నేనైతే వెళ్ళను. నాకు కొంచెం స్వరజ్ఞానం ఉంది, పక్క వీధిలో మాస్టారు ఉన్నారు, తోడు వాయించే గిటార్ కుర్రాడున్నాడు, ఈ మూడూ లేని ఊళ్ళో ఉండుంటే ఆ అడ్వాన్స్‌డ్ భాగానికి కూడా డబ్బు కట్టేవాణ్ణేమో. ఏ కోర్సు చూసినా ముందు ఉచిత శాంపిల్ పాఠంలో ఆయన మైనర్ పాటకి ఏ హార్ప్ తీయమంటున్నాడో చూడండి. సెకండ్ పొజిషన్ ఒక్కటే చెప్పి వదిలేస్తే, బ్యాంకు కార్డ్ వివరాలు టైప్ చేయకుండా ఇంకోటి వెతుక్కోండి.