ఎల్డెన్ రింగ్: అంటు కట్టే మనిషి చూసిన గాడ్రిక్

ఆట మొదలై పది నిమిషాలు కాకముందే చచ్చిపోయాను. నన్ను చంపినదానికి ఎన్ని చేతులున్నాయో లెక్క పెడుతూ నిలబడిపోవడమే కారణం. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో ఇంకో కత్తి, వేరే చేతిలో డాలు. సాలీడులా పాకుతూ మీదికి వచ్చింది. పక్కన కూర్చున్న మా అబ్బాయి నవ్వాడు. "అక్కడ దాదాపు అందరూ చస్తారమ్మా. దాన్ని పెట్టిందే అందుకు" అన్నాడు. నా ధ్యాస చావు మీద లేదు. ఆ చేతులు ఒంటికి కలిసిన చోట అతుకులున్నాయి. అతుకు కనబడితే నా కళ్లు వేరే ఏమీ చూడవు.

ఇరవై రెండేళ్లుగా నర్సరీలో అంటు కట్టడం నా పని. సీజనులో రోజుకు రెండు మూడు వందలు కడతాను. ఎడమ చేతి బొటనవేలి మీద కత్తి గాట్లు ఎన్నున్నాయో నాకే తెలియదు. వీడియో గేములంటే ఆసక్తి ఉన్నదాన్ని కాను. ఆ చేతుల పురుగు పేరులో 'గ్రాఫ్టెడ్ సయాన్' అని ఉందని వాడు చదివి చెప్పాకే కంట్రోలరు మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. గ్రాఫ్టెడ్ అంటే అంటు కట్టిన అని. సయాన్ అంటే మా పనిలో అంటు కట్టడానికి తెచ్చే కొమ్మ. ఇంగ్లీషులో దానికి ఇంకో అర్థం కూడా ఉంది, గొప్ప ఇంటి వారసుడు అని. మనం వారసుణ్ణి 'వంశాంకురం' అంటున్నామంటే మనదీ అదే ఊహ. ఈ ఆటలో సగం కథ ఆ ఒక్క మాటలోనే ఉంది.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఎల్డెన్ రింగ్ 2022 ఫిబ్రవరి 25న వచ్చింది. తయారు చేసింది జపానుకు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్, దర్శకుడు హిడెటాకా మియాజాకి, ఆ ప్రపంచపు పూర్వగాథ రాసింది జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, కంప్యూటర్ మూడింటిలోనూ ఆడవచ్చు. తేలిక, మధ్యస్థం, కఠినం అని ఎంచుకునే ఏర్పాటు లేదు, అందరికీ ఒకటే ఆట. తెలుగు లేదు. పాత్రలు మాట్లాడేది రాజుల కాలపు ఇంగ్లీషు, కాబట్టి పక్కన ఒక అబ్బాయో అమ్మాయో ఉంటే మంచిది. ఆట చాలా పెద్దది. నేను రాస్తున్నది దాని మొదటి పెద్ద ఘట్టం గురించి మాత్రమే: స్టార్మ్‌వేల్ కోట, దాని యజమాని గాడ్రిక్.

గాడ్రిక్‌ది గొప్ప వంశం. ఆ లోకానికి మొదటి ప్రభువైన గాడ్‌ఫ్రీ సంతతి. కానీ తరాలు గడిచి ఆ రక్తం పలచబడింది. మిగిలిన దేవాంశ సంభూతులతో పోలిస్తే వీడు బలహీనుడని అందరికీ తెలుసు, అందరికంటే బాగా వీడికే తెలుసు. రాజధాని నుంచి ఆడవాళ్ల గుంపులో కలిసి దొంగచాటుగా పారిపోయి వచ్చాడు. మలేనియా అనే వీరనారి చేతిలో ఓడి కాళ్లావేళ్లా పడ్డాడు. ఇక సొంత బలం పెరగదని తేల్చుకుని, ఆ కోట వైపు వచ్చిన యోధుల కాళ్లు చేతులు నరికించి తన ఒంటికి అతికించుకోవడం మొదలుపెట్టాడు.

ఇలా ఎదుటివాడి అవయవాన్ని తగిలించుకునే పాత్రలు కథల్లో కొత్త కాదు. అయితే చాలా కథల్లో అది బొంతకు అతుకు వేసినంత తేలిక. చెయ్యి తగిలిస్తే చెయ్యి పనిచేస్తుంది, కన్ను పెట్టుకుంటే చూపు వస్తుంది, పైగా ఆ కంటి సొంతదారుడి విద్యలన్నీ ఉచితంగా వచ్చి పడతాయి. నాకు నచ్చని సంగతి అదే. అంటు అంత సులువుగా పడదు. కొమ్మ కోత, మొక్క కోత నున్నగా ఉండాలి. బెరడు కింద సన్నటి పచ్చని పొర ఉంటుంది. ఈ కొమ్మ పొరా ఆ మొక్క పొరా ఒకదానినొకటి తాకాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా కొమ్మ ఎండిపోతుంది. గాలి, నీరు చొరకుండా పాలిథీన్ పట్టీతో బిగించి కట్టాలి. ఆపైన చిగురు కోసం రెండు మూడు వారాలు ఎదురు చూడాలి. ఇంతా చేసి, అవి దగ్గరి జాతులై ఉండాలి. మామిడి మీద మామిడి నిలుస్తుంది. వేప మీద మామిడిని ఎంత గొప్ప పనివాడు కట్టినా నిలవదు.

అందుకే గాడ్రిక్ కనిపించే మొదటి దృశ్యం దగ్గర నేను ఆట ఆపించి మళ్లీ చూశాను. సమాధులతో నిండిన పెరడు. మధ్యలో చచ్చిన డ్రాగన్. వాడు దాని ముందు నిలబడి మాట్లాడుతున్నాడు. ఏమంటున్నాడని అడిగితే మా అబ్బాయి అర్థం చెప్పాడు: నువ్వు అసలైన వారసుడివి, నా రక్తబంధువువి, నీ బలం నాకు ఇవ్వు అంటున్నాడట. మా అబ్బాయికి అది వట్టి పొగడ్తగా తోచింది. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. దగ్గరి జాతి అయితేనే అంటు నిలుస్తుందని వాడికి తెలుసు. డ్రాగన్‌కూ వాడికీ ఏ చుట్టరికమూ లేదు. అందుకని కత్తి పట్టే ముందు నోటితో చుట్టరికం కలుపుతున్నాడు! ఇది రాసినవాళ్లు అంటు గురించి చదివి రాశారో, రాస్తూ ఉంటే అలా కుదిరిందో, ఏదైనా సరే, నా దగ్గర పూర్తి మార్కులు పడ్డాయి.

పోరు సగానికి వచ్చాక వాడు తన ఎడమ చేతిని తన గొడ్డలితోనే నరుక్కుంటాడు. ఆ మొండి చేతిని డ్రాగన్ మెడకు అతికించుకుంటాడు. అది తల ఎత్తి నిప్పులు కక్కుతుంది. పనివాడిగా చూస్తే ఇందులో తప్పులు బోలెడు. గొడ్డలితో కోసినది కోత కాదు, చీలిక. కట్టు లేదు. కొమ్మేమో ఎన్నడో చచ్చినది. నేను ఎండిన కొమ్మ తెచ్చి కడితే మా మేస్త్రి నన్ను అదే కొమ్మతో కొట్టేవాడు. కానీ ఆ దృశ్యంలో గాడ్రిక్ పెట్టే కేక విన్నాక ఈ లెక్కలన్నీ మరిచిపోయాను. అంత నొప్పిని వాడు విజయమనుకుంటున్నాడు, చూడటానికి అదే భయం వేస్తుంది.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది వేరే సంగతి. అంటులో పై కొమ్మ ఎప్పటికీ తన గుణం వదులుకోదు. కింద ఏ మొక్క ఉన్నా, పైన కట్టిన రకం కాయే కాస్తుంది. నీళ్లు అందించేది కింది మొక్క వేరు, పేరు మాత్రం కొమ్మది. ఆ లెక్కన గాడ్రిక్ ఒంటి మీద ఉన్న ప్రతి చెయ్యీ ఇంకా దాని మనిషిదే. పోట్లాడుతున్నప్పుడు వీలైతే గమనించండి. బరువు మోసి గొడ్డలి తిప్పే చేతులు కొన్నే. వీపు మీద, భుజం మీద గుత్తులుగా ఉన్నవి చాలావరకు అలా ఊరికే ఉంటాయి, ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టు. ఆ కొద్దిపాటి చిత్రీకరణ నాకు ఆటలో అన్నిటికన్నా నచ్చింది.

భేతాళుడు చెప్పిన తలల తారుమారు కథ గుర్తుకు వచ్చింది. ఒకరి మొండేనికి మరొకరి తల అతికిస్తే ఆ స్త్రీకి భర్త ఎవరు అని అడిగితే, తల ఎవరిదైతే వాడే అంటాడు విక్రమార్కుడు. తల ఒకటే కాబట్టి తీర్పు కుదిరింది. ఇన్ని చేతులున్నవాణ్ణి తీసుకొచ్చి అడిగితే రాజు ఏమనేవాడో. నిజ జీవితంలోనూ ఇది మాటలంత తేలిక కాదు. 1998లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఒకాయనకు మరణించిన వ్యక్తి చెయ్యి అతికించారు. శస్త్రచికిత్స ఫలించింది. కానీ ఆ చెయ్యి తనది అనిపించక 2001లో ఆయనే అడిగి తీయించుకున్నాడు.

కోటలోకి రెండు దారులున్నాయి. ద్వారం దగ్గర గోస్టాక్ అనే కాపలావాడు, ముందు ద్వారం వద్దు, పక్కన గోడ కన్నంలోంచి వెళ్లు అని సలహా ఇస్తాడు. సలహా మంచిదే, మనిషి మంచివాడు కాదు. కోటలో మనం చచ్చినప్పుడల్లా మన రూన్లలో వాటా కాజేస్తుంటాడు. రూన్లంటే ఆ లోకంలో డబ్బూ అనుభవమూ రెండూ. అంతకుముందు వంతెన మీద కాపు కాసే మార్గిట్ దగ్గర నేను మూడు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. దాని గురించి రాయడం నాకు ఇష్టం లేదు.

కోటకు వెళ్లే దారిలో ఒక పాడుబడ్డ గుడిసెలో ఎర్ర ముసుగు వేసుకున్న రోడెరికా అనే పిల్ల కూర్చుని ఉంటుంది. తప్పకుండా పలకరించండి. ఆమెతో సముద్రం దాటి వచ్చినవాళ్లందరినీ ఆ కోటలో అంటు కట్టేశారు. తానొక్కతే భయపడి బయట మిగిలిపోయింది. వాళ్లను ఆమె గూటిలోని పురుగులని అంటుంది, రెక్కలు రాబోయేవని. కోటలో శవాల కుప్ప దగ్గర వాళ్ల గుర్తుగా ఒక వస్తువు దొరుకుతుంది. నేను మొదటిసారి అటు చూడకుండానే వెళ్లిపోయాను, మా అబ్బాయి వెనక్కి పంపాడు. తెచ్చి ఇస్తే ఆమె ఏడవదు, మెల్లగా లేస్తుంది. తరువాత ఆమె ఎక్కడికి వెళ్లి ఏ పని నేర్చుకుంటుందో మీరే చూడండి. మనుషుల్ని కొమ్మల్లా నరికే కథలో ఆ కొమ్మలకు పేర్లు ఉండేవని గుర్తుపెట్టుకున్నది ఈ ఒక్క పిల్లే.

ఆట పంచిన మరో చక్కని పోలిక, మలేనియా. ఆమెకు కుడి చెయ్యి లేదు, లోహపు చెయ్యి తొడుక్కుంటుంది. అన్ని చేతులున్నవాడు ఆమె ముందే మోకరిల్లాడు. ఇంకొకడున్నాడు, అలెగ్జాండర్ అనే కుండ మనిషి. చనిపోయిన వీరుల శరీరాలను ఏరి తన లోపల దాచుకుంటాడు, అలా బలం పెరుగుతుందని నమ్మకం. పని చూస్తే గాడ్రిక్ పనికి దగ్గరిదే. అయినా అలెగ్జాండర్ మీద నాకు కోపం రాలేదు. వాడు చచ్చినవారినే తీసుకుంటాడు, వారిని తలుచుకుని గర్వపడతాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏమీ చెప్పకుండా వదిలేయడం ఈ ఆట పద్ధతి.

ఆడటానికి పనికొచ్చే మాటలు కొన్ని. గాడ్రిక్ తలుపు ముందు నెఫెలీ లూ అనే యోధురాలిని సాయానికి పిలుచుకోవచ్చు. మొహమాటపడకండి. డ్రాగన్ తల వచ్చాక దూరంగా పారిపోతే నిప్పు తగులుతుంది, పక్కకు తిరుగుతూ వాడి కాళ్లకు దగ్గరగా ఉండటమే మేలు. దగ్గరికి వెళితే తెర నిండా చేతులే కనిపించి నేనెక్కడున్నానో నాకే తెలిసేది కాదు. కొంత కెమెరా తీరు, కొంత నా కళ్లజోడు. పద్నాలుగోసారి గెలిచాను. అర్ధరాత్రి దాటింది, మా అబ్బాయి నిద్రపోయాడు, చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

గెలిచాక అదే పెరట్లో గోస్టాక్ ప్రత్యక్షమయ్యాడు. బతికున్నంత కాలం ఎదుట తల ఎత్తనివాడు, శవాన్ని తిడుతూ కాళ్లతో తొక్కుతున్నాడు. చూసి నాకు జాలి వేసింది, అదీ గాడ్రిక్ మీద. అనుకోలేదు.

గాడ్రిక్ దగ్గర దొరికే మహా రూన్‌ను ఒక గోపురం పైకి తీసుకెళ్లి మేల్కొలిపి, రూన్ ఆర్క్ అనే వస్తువుతో వాడుకలోకి తెస్తే మన శక్తులన్నీ ఐదేసి చొప్పున పెరుగుతాయి. అంటే వాడిని చంపి వాడి బలం నేను తగిలించుకున్నాను. మా అబ్బాయితో అంటే, "అది వేరమ్మా" అన్నాడు. ఎలా వేరో మాత్రం చెప్పలేదు.

గాడ్రిక్ 'జ్ఞాపకం' అనే వస్తువు కూడా ఒకటి దొరుకుతుంది. దాన్ని ఎన్యా అనే ముసలామెకు ఇస్తే రెండింటిలో ఒకటి ఎంచుకోమంటుంది: గాడ్రిక్ గొడ్డలి, లేదా చేతికి తొడుక్కునే డ్రాగన్ తల. మా అబ్బాయి తన ఆటలో తల తీసుకున్నాడు, నిప్పు కక్కుతుంది కదా అని. నేను చాలాసేపు రెండింటినీ తిప్పి తిప్పి చూశాను. గొడ్డలి తీసుకున్నాను. అది మొయ్యగల బలం నా పాత్రకు ఇంకా రాలేదు, పెట్టెలోనే ఉంది.