ఈతా, పరుగా: కేలరీలు కరగాలంటే ఏది మేలు?

బరువు తగ్గాలనుకునే చాలామందికి ముందుగా వచ్చే సందేహం ఇది. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఆగకుండా ఇరవై నిమిషాలు ఈదగలిగితే ఈతే మేలు. అంత ఈత ఇంకా రాకపోతే, కేలరీల వరకు ప్రస్తుతానికి పరుగు, లేదా చురుకైన నడక నయం. ఈత నేర్చుకోవడం మాత్రం మానొద్దు.

కాగితం మీద లెక్క చూస్తే రెండూ దగ్గర దగ్గరే. సుమారు 70 కిలోల బరువున్న మనిషి గంటకు 8 కిలోమీటర్ల వేగంతో అరగంట పరుగెత్తితే 290 కేలరీల దాకా ఖర్చవుతాయి. తాపీగా ఈదితే 210 ప్రాంతంలో ఉంటుంది, గట్టిగా ఫ్రీస్టైల్ (బోర్లా పడుకుని చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేసే ఈత) వేస్తే 350 దాకా వెళ్తుంది. చురుకైన నడకకు 140 వరకు వస్తుంది. రెండు చేతులూ ఒకేసారి విసురుతూ ఈదే బటర్‌ఫ్లై వీటన్నిటినీ మించిపోతుంది కానీ, దాన్ని అరగంట లాగగలిగేవాళ్లు ఎంతమంది ఉంటారు?

చిక్కంతా ఆ 'అరగంట' దగ్గరే ఉంది. పరుగుకు బయల్దేరినవాళ్లు తిరిగి వచ్చేదాకా కదులుతూనే ఉంటారు. పూల్‌లో అలా కాదు. ఒక చివరికి చేరాక గోడ పట్టుకుని కాసేపు, గాగుల్స్ సర్దుకుంటూ కాసేపు, పక్కవాళ్లతో మాటల్లో ఇంకాసేపు గడిచిపోతుంది. గంటసేపు నీళ్లలోనే ఉన్నామనిపిస్తుంది. నిజంగా ఈదిన సమయం అందులో సగం కూడా ఉండకపోవచ్చు. ఈత కొడుతున్నా బరువు తగ్గట్లేదని బాధపడేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే.

కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లను ఒక్క నిమిషం గమనించండి. మునిగిపోతామన్న భయంతో తల పైకెత్తే ఉంచుతారు. తల లేస్తే నడుము కిందికి దిగుతుంది, దాని వెంట కాళ్లూ దిగుతాయి. నీళ్లు గాలి కన్నా దాదాపు 800 రెట్లు చిక్కన. ఏటవాలుగా వేలాడే ఒంటిని ఆ నీళ్లలోంచి ముందుకు తోయాలంటే ఎంత బలమైనా చాలదు. పైగా ఊపిరి బిగబడతారు, మోకాళ్ల నుంచి కాళ్లు టపటపా కొడతారు. పాతిక మీటర్లు దాటేసరికి ఆయాసంతో గోడ పట్టేసుకుంటారు. ఆ పాతిక మీటర్లకూ బాగా ఈదేవాళ్ల కన్నా వీళ్లకే ఎక్కువ శక్తి ఖర్చయి ఉంటుంది. కానీ అక్కడే ఆగిపోవడంతో మొత్తం లెక్క చిన్నదైపోతుంది. ఒడుపు తెలిసినవాళ్లు ఒక్కో ల్యాప్‌కు (పూల్ ఒక చివర నుంచి ఇంకో చివరికి) తక్కువ ఖర్చు చేస్తూ అరగంట సాగగలరు కాబట్టి, చివరికి వాళ్లే ఎక్కువ కరిగిస్తారు. అందుకే మొదటి వారాల్లో కేలరీల గురించి టెన్షన్ పడకుండా, ముఖం నీళ్లలో పెట్టి ఊపిరి నెమ్మదిగా వదలడం, పక్కకు తిరిగి పీల్చుకోవడం సాధన చేయండి. ఇది వచ్చిందంటే సగం ఈత వచ్చినట్టే.

మోకాళ్ల సంగతికొస్తే ఈతకు పోటీ లేదు. పరుగులో పాదం నేలను తాకిన ప్రతిసారీ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల ఒత్తిడి కాళ్ల మీద పడుతుంది. మెడలోతు నీళ్లలో నిలబడితే మాత్రం శరీర బరువులో 90 శాతం వరకు నీళ్లే మోస్తాయి. బరువు బాగా ఎక్కువున్నవాళ్లు, కీళ్లనొప్పులున్నవాళ్లు పరుగుతో మొదలుపెట్టి నొప్పి తెచ్చుకుని మానేసే కన్నా నీళ్లలోకి దిగడం ఎంతో మంచిది. అయితే బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కప్పలా కాళ్లు విదిలించే తీరు కొందరికి మోకాలి లోపలివైపు నొప్పి తెస్తుంది. వాళ్లు ఫ్రీస్టైల్‌కో, వెల్లకిలా ఈదడానికో మారిపోవాలి. ఒక్కసారిగా దూరం పెంచేస్తే భుజాలు కూడా పట్టేస్తాయి.

ఎముకల విషయంలో పరుగుదే పైచేయి. బరువు పడితేనే ఎముక గట్టిపడుతుంది, నీళ్లలో ఆ బరువే ఉండదు. కాబట్టి ఈత ఒక్కటే చేసేవాళ్లు వారానికి రెండు రోజులు నడకతో పాటు బరువులెత్తడమో, మెట్లెక్కడమో కలుపుకోవాలి. నడుము పైభాగం విషయంలో మాత్రం ఈత ముందుంటుంది. వీపు, భుజాలు, చేతులు అన్నీ ఒకేసారి పనిచేస్తాయి.

ఇంకోటి, ఆకలి. నీళ్లు ఒంట్లోని వేడిని గాలి కన్నా చాలా త్వరగా లాగేస్తాయి. చల్లటి నీళ్లలో ఈది బయటికొచ్చాక ఆవురావురుమని తినబుద్ధవుతుంది. ఈదిన 200 కేలరీలు పది నిమిషాల్లో తిరిగి లోపలికి వెళ్లిపోతాయి. ఈతకు వెళ్లేముందే, వచ్చాక ఏం తినాలో, ఎంత తినాలో అనుకుని పెట్టుకోవడం మంచిది.

పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండు రోజులు ఈత, రెండు రోజులు పరుగు పెట్టుకుంటే ఇది సులువుగా పూర్తవుతుంది. పూల్‌కు వెళ్లిన రోజు ఒక పాతిక మీటర్లు వేగంగా ఈది, ఇరవై సెకన్లు మాత్రమే ఆగి, మళ్లీ బయల్దేరండి. ఇలా పదిసార్లు చేసి చూడండి. అసలు ఈత రానివాళ్లు ఛాతీలోతు నీళ్లలో చేతులు ఊపుతూ గబగబా నడిచినా మంచి వ్యాయామమే. కాకపోతే లైఫ్‌గార్డ్ ఉన్న సమయంలోనే దిగాలి, ఒంటరిగా వద్దు.