గార్డోనే వెళ్తే ఫ్యాక్టరీ గేటు చూడ్డానికి డబ్బులు కట్టకండి

మనిషికి 85 యూరోలు, ముగ్గురికి 255. ఇటలీ తుపాకుల కంపెనీ బెరెట్టా పేరు చెప్పి, "బెరెట్టా ఫ్యాక్టరీ టూర్" అంటూ మిలాన్‌లో ఒక టూర్ ఏజెంటు మా దగ్గర వసూలు చేసిన డబ్బు ఇది. ఆ కర్మాగారం ఉన్న ఊరు గార్డోనే వాల్ ట్రాంపియా దాకా వ్యాన్‌లో తీసుకెళ్లి, గేటు ముందు దింపి, ఇరవై నిమిషాలు ఫొటోలు దిగమన్నాడు. లోపలికి ఎప్పుడని అడిగితే రసీదు అడుగున చిన్న అక్షరాల్లో "బయటి నుంచి సందర్శన" అని ఉన్న లైను చూపించాడు. మా బావమరిది హైదరాబాద్‌లో ట్రాప్ షూటింగ్ (గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్లల్ని తుపాకీతో కొట్టే ఆట) నేర్చుకుంటున్నాడు, ఈ ఊరి కోసమే ఇటలీ వచ్చాడు. తిరుగు ప్రయాణంలో గంటన్నరసేపు నోరు విప్పలేదు.

అది ఆయుధాలు తయారవుతున్న కర్మాగారం. ముందస్తు అనుమతి లేకుండా ఎవరినీ లోపలికి రానివ్వరు. చూడాలనుకుంటే నెలల ముందే నేరుగా కంపెనీకి రాయాలి. జవాబు రాకపోతే మధ్యవర్తికి డబ్బిచ్చినా పని జరగదు. ఆగస్టులో అసలు పెట్టుకోకండి, పదిహేనో తేదీ చుట్టూ ఇటలీలో ఫ్యాక్టరీలు, చాలా దుకాణాలు మూతపడతాయి.

అసలు చరిత్ర గేటు అవతలే కాదు, బయటా ఉంది. మిలాన్ నుంచి గార్డోనేకు దగ్గరి నగరం బ్రెషాకు మామూలు రైల్లో గంట పైచిలుకు. కాగితం టికెట్టయితే ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరి మిషన్లో ముద్ర వేయించాలి, లేకపోతే జరిమానా. బ్రెషా నుంచి గార్డోనే ఉత్తరంగా ఇరవై కిలోమీటర్ల లోపే, లోయ పొడవునా బస్సు వెళ్తుంది. పొద్దునా సాయంత్రం ఆ రోడ్డు కిక్కిరిసి ఉంటుంది, పది గంటల తర్వాత బయల్దేరండి. రెండో రోజు సొంతంగా వెళ్లాం. బస్సు, టికెట్లు, భోజనం కలిపి మనిషికి 30 యూరోలు దాటలేదు.

ముందు బ్రెషాలోనే కొండ మీది కోట ఎక్కండి. లుయీజి మార్జోలి ఆయుధ మ్యూజియం అక్కడ ఉంది, సోమవారం సెలవు. కవచాల గదులు త్వరగా దాటేసి తుపాకుల దగ్గర ఆగండి. తుపాకీ కొయ్య దిమ్మ మీద ఇనుప రేకును జాలీలా కోసి, తీగెలూ పూలూ తీర్చి పొదిగిన పనితనం బ్రెషా ప్రత్యేకత. తుపాకీ గొట్టాల మీద "లాజారినో కొమినాత్సో" పేరు కోసం వెతకండి. గార్డోనేలో గొట్టాలు చేసిన ఆ కుటుంబం పేరుకు ఎంత గిరాకీ ఉండేదంటే, యూరప్ అంతటా నకిలీలు అదే పేరు చెక్కి అమ్మేవాళ్లు. అక్షరాలు తప్పుగా ఉంటే మొదట నకిలీ అనే అనుమానించాలి. ఇక్కడే బావమరిది మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టాడు.

గార్డోనేలో విల్లా ముత్తి బెర్నార్దెల్లిలో ఉన్న ఆయుధాల మ్యూజియం చిన్నది. తెరిచే వేళలు పరిమితం, ముందు రోజే కనుక్కోండి. తుపాకులకు ఈ లోయే ఎందుకు? పైన కొండల్లో ఇనుప గనులు, చుట్టూ బొగ్గుకు అడవి, సమ్మెటలు ఆడించడానికి మెల్లా నది నీళ్లు, కొనడానికి వెనిస్ రాజ్యం. 1526 అక్టోబరులో బార్తొలొమెయో బెరెట్టా వెనిస్ ఆయుధశాలకు 185 గొట్టాలు అమ్మి 296 డుకాట్లు (అప్పటి వెనిస్ నాణేలు) తీసుకున్న లెక్క నేటికీ ఉంది. ఒక్కో గొట్టం 1.6 డుకాట్లు పడింది. కంపెనీ ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది.

పాతకాలపు గొట్టం ఎలా చేసేవాళ్లో తెలిస్తే ఆ ధర అర్థమవుతుంది. ఇనుప పట్టీని కొలిమిలో తెల్లగా కాల్చి, కడ్డీ చుట్టూ వంచి, అంచులు అతుక్కునేలా అంగుళం అంగుళం కొట్టేవాళ్లు. అతుకులో చిట్టెం (ఇనుములోని మలినం) చిక్కుకుంటే అది పైకి కనపడదు, పరీక్షలో ఎక్కువ తుపాకిమందు కూరి పేల్చినప్పుడు అక్కడే చీలుతుంది. తర్వాత లోపల తొలిచి, వంపు తీయాలి. వెలుతురు వైపు పట్టుకుని గొట్టంలోకి చూస్తే లోపలి గోడ మీద నీడ గీత పడుతుంది. గీత విరిగిన చోట వంపు ఉన్నట్టు. అక్కడ కొట్టి, మళ్లీ చూస్తారు. ఈ చూపు పట్టుబడటానికే ఏళ్లు పట్టేది.

ఎక్కువ మందుతో పేల్చి చూసే ఆ పరీక్ష నేటికీ ఉంది. ఇటలీ జాతీయ తుపాకీ పరీక్షా కేంద్రం ఈ ఊళ్లోనే ఉంది. పాత ఇటలీ తుపాకీ ఏ ఏడాదిదో తెలియాలంటే గొట్టం మీది ముద్రలు చూడండి. 1975కి ఏఏ, 1976కి ఏబీ, అలా రెండేసి అక్షరాలు. అంతకు ముందు కొన్నేళ్లవాటికి ఎక్కువగా రోమన్ అంకెలు.

బెరెట్టా పిస్తోళ్లలో మన దేశానికి మానని గాయం ఒకటి ఉంది. 1948 జనవరి 30న గాంధీజీ మీద పేల్చింది ఈ కంపెనీ ఎం1934 మోడలే. ఆ సంగతి చెప్పగానే మా అక్కయ్య పిస్తోళ్ల వైపు చూడటం మానేసి బయట బెంచీ మీద కూర్చుంది. బెరెట్టాదే 1975 నాటి మోడల్ 92 నుంచి వచ్చిన ఎం9 పిస్తోలును అమెరికా సైన్యం 1985లో తీసుకుంది. ఆ తర్వాత కొన్నిటి స్లైడు (పేల్చినప్పుడు వెనక్కి జరిగే పైభాగం) విరిగి, వెనక ముక్క పేల్చినవాళ్ల ముఖానికి తగిలింది. తర్వాత మార్చి తెచ్చిన 92ఎఫ్‌ఎస్‌ మోడల్‌లో హ్యామర్ (సుత్తి) పిన్ను తల పెద్దది చేశారు. స్లైడు విరిగినా వెనక్కి ఎగరకుండా అది పట్టి ఆపుతుంది. 2017లో అమెరికా సైన్యం సిగ్ అనే వేరే కంపెనీ పిస్తోలుకు మారింది.

మా బావమరిది మనసు మాత్రం పైనొకటి కిందొకటి గొట్టాలుండే షాట్‌గన్ల మీదే. ట్రాప్ పోటీల్లో బెరెట్టా, ఇటలీదే మరో తుపాకుల కంపెనీ పెరాజ్జి రెండూ పెద్ద పేర్లు. పెరాజ్జి ఊరు బొత్తిచీనో కూడా బ్రెషా పక్కనే. 2023 ఏషియన్ గేమ్స్‌లో మన హైదరాబాదీ కైనన్ చెనాయ్ కాంస్యం తెచ్చింది ఈ ట్రాప్‌లోనే. బెరెట్టా 680 వరసలో గొట్టాల పక్కల ఉన్న రంధ్రాల్లోకి రెండు కోసు పిన్నులు దూరి తాళం పడుతుంది. గొట్టాల కింద వేరే గొళ్లెం అక్కర్లేదు, అందుకే తుపాకీ ఎత్తు తగ్గి చేతికి ఒదుగుతుంది. పాతది కొనేవాళ్లు తుపాకీ తెరిచే పై మీట మూసినప్పుడు ఎటు ఆగుతుందో చూడండి. కొత్తదానిలో కాస్త కుడికి ఉంటుంది, మధ్య గీత దాటి ఎడమకు పోతే అరిగిందని లెక్క.

భోజనానికి గార్డోనేలో చిన్న హోటల్లో పొలెంటా, పైన కరిగిన జున్ను, 9 యూరోలు. అచ్చం మన మొక్కజొన్న సంకటే. వేడివేడిగా, గట్టిగా, చెక్క పలక మీద. అక్కయ్య మళ్లీ నవ్వింది అక్కడే. శాకాహారులైతే పుల్లల మీద కాల్చే స్పియేదో వడ్డించొద్దని ముందే చెప్పండి, అది మాంసం. బస్సు టికెట్టు రానూపోనూ కలిపి బ్రెషాలోనే కొనుక్కోండి. మధ్యాహ్నం లోయలో దుకాణాలు మూసేస్తారు, తిరుగు టికెట్టు కోసం మేం గంటన్నర ఆగాం.